ఇద్దరు రేసు డ్రైవర్లలో ఎవరు మేలో అంకెలతో తేల్చడం ఎలా? ఆ అంకెల్ని ఎక్కడిదాకా నమ్మాలి?

ఆదివారం ఫార్ములా వన్ కార్ల రేసు అయిపోగానే నా ఫోనుకు వచ్చే ప్రశ్న ఒకటే. కావలి నుంచి ఒకరు, కందుకూరు నుంచి ఒకరు, నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఇంకొకరు. "అన్నా, వెర్‌స్టాపెన్ గొప్పోడా, హామిల్టన్ గొప్పోడా? లెక్కలు చూసి ఒక్క మాటలో చెప్పు." దాంతోపాటు ఒక పట్టిక ఫొటో పంపుతారు. ఎన్ని గెలుపులు, ఎన్ని పోల్స్ (అందరికన్నా ముందు స్థానం నుంచి రేసు మొదలుపెట్టడం), ఎన్ని టైటిల్స్ (ఏడాది చాంపియన్ కావడం). ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు, ఆ లెక్క మీరే వేసుకునే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఏ అంకె ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెబుతాను. నిజానికి రెండోదే ముఖ్యం.

సిద్ధాంతం ఎక్కువ లేదు. మన ఒంగోలు వైపు వాళ్ళకి అది ముందే తెలుసు. తిరునాళ్ళలో బండలాగుడు పోటీ చూసే ఉంటారు. ఒక విభాగంలో బండ బరువు అందరికీ ఒకటే, టైము ఒకటే. ఈల వేయగానే టేపు పట్టి అడుగులు, అంగుళాలతో సహా కొలుస్తారు. మైకులో జత యజమాని పేరు, ఊరి పేరు చదువుతారు. చెర్నాకోల పట్టుకుని పక్కన పరిగెత్తినవాడి పేరు గట్టుమీద కూర్చున్నవాళ్ళలో చాలామందికి తెలియదు. అక్కడ గెలుపు గిత్తలది. కార్ల రేసు దగ్గరికొచ్చేసరికి ఇది తలకిందులవుతుంది. లాగింది కారు, పేరు తోలినవాడిది. రెండు చోట్లా టేపు కొలిచింది మాత్రం అందరూ కలిసి పోయిన దూరాన్నే. అందులో తోలినవాడి వాటా ఎంతో టేపు మీద రాసి ఉండదు. మనం చేయబోయేదల్లా ఆ వాటాని వీలైనంత విడదీయడం, వీలు కానిచోట వీలు కాలేదని రాసుకోవడం.

కావలసినవి

- గీతల నోటుబుక్కు గాని, ఎక్సెల్ షీటు గాని.
- ఫార్ములా వన్ అధికారిక సైటులో మీకు కావలసిన సీజన్ ఫలితాల పేజీలు. క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే పరుగు) టైములు, రేసు ఫలితాలు రెండూ ఉచితంగానే దొరుకుతాయి.
- రేసు ల్యాపుల (ట్రాకు చుట్టూ ఒక చుట్టు తిరిగితే ఒక ల్యాపు) దాకా వెళ్ళాలనుకుంటే ప్రతి ల్యాపు టైము. ఈ కాగితాలను రేసుల్ని అజమాయిషీ చేసే ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ తన సైటులో పెడుతుంది. పైథాన్ కాస్త వచ్చినవాళ్ళు ఫాస్ట్ ఎఫ్1 అనే ఉచిత లైబ్రరీ వాడుకోవచ్చు, 2018 నుంచి వివరంగా ఉంటుంది. కంప్యూటరు లేకపోతే దిగులు పడొద్దు, 5వ మెట్టు వదిలేసి మిగతావి చేయండి.
- ఒక రూపాయి బిళ్ళ. ఎందుకో 7వ మెట్టులో చెబుతాను.
- రెండు మూడు సాయంత్రాలు.

1. ప్రశ్నను చిన్నది చేయండి

"ఎవరు గొప్ప" అన్న ప్రశ్నకి ఏ పట్టికా జవాబివ్వదు. దాన్ని కొలవగలిగే సైజుకి తగ్గించండి. "2019లో విలియమ్స్ టీములో, పొడి ట్రాక్ మీద, ఒక్క ల్యాపు వేగంలో రస్సెల్ ముందా, కుబిత్సా ముందా?" ఇది ప్రశ్న. ఏడాది, టీము, పరిస్థితి, నైపుణ్యం నాలుగూ ఉన్నాయి. నోటుబుక్కులో పై వరుసలో ఇదే రాయండి. మధ్యలో ప్రశ్న మారిపోతున్నట్టు అనిపించినప్పుడల్లా పైకి చూసుకోవాలి.

2. పాయింట్లు, గెలుపులు, టైటిల్స్ వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టండి

చించేయమనడం లేదు. పక్కన పెట్టమంటున్నాను. ఎందుకో మూడు ఉదాహరణలు చూడండి.

మనవాడితోనే మొదలుపెడదాం. ఫార్ములా వన్ తోలిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్. 2005లో జోర్డాన్ టీము తరఫున తోలాడు. అమెరికా రేసులో నాలుగో స్థానం, 5 పాయింట్లు. ఆయన మొత్తం ఫార్ములా వన్ జీవితంలో వచ్చిన పాయింట్లు అవే. కానీ ఆ రోజు ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్లు భద్రం కాదని తేలడంతో ఆ టైర్ల కార్లు పద్నాలుగూ ఫార్మేషన్ ల్యాపు (రేసు మొదలయ్యే ముందు నెమ్మదిగా తిరిగే చుట్టు) అవగానే పిట్‌లోకి, అంటే కార్లు ఆపి టైర్లు మార్చే చోటికి, వెళ్ళిపోయాయి. గ్రిడ్ మీద, అంటే రేసుకి బయల్దేరే వరసల్లో, మిగిలినవి ఆరు కార్లు. ఆ 5 పాయింట్లు చూసి ఆయన్ని ఎత్తేయడం ఎంత తప్పో, మిగతా రేసుల్లో సున్నాలు చూసి తీసేయడం అంతే తప్పు. ఆయన చేతిలో ఉన్న కారుకు మామూలు రోజున పాయింట్లు అందేవే కావు.

రెండోది, పాయింట్ల రూల్సే మారుతుంటాయి. గెలిచినవాడికి 1961 నుంచి 1990 దాకా 9, 1991 నుంచి 10, 2010 నుంచి 25. పదో స్థానానికి ఇప్పుడు ఒక పాయింటు, 2009లో సున్నా. కాబట్టి కెరీర్ మొత్తం పాయింట్ల జాబితా చూడగానే మూసేయండి. 1988లో ప్రోస్ట్ మొత్తం 105 పాయింట్లు తెచ్చుకున్నాడు, సెన్నా 94. టైటిల్ సెన్నాది. అప్పటి రూలు ప్రకారం మేలైన 11 ఫలితాలే లెక్కలోకి తీసుకుంటే సెన్నాకి 90, ప్రోస్ట్‌కి 87. డ్రైవింగు అదే, కూడిక పద్ధతి మారితే చాంపియన్ మారతాడు.

మూడోది మీరు ఇంట్లో కూర్చుని చేసి చూడదగ్గది. 2010 నుంచి 2012 దాకా మెక్‌లారెన్‌లో హామిల్టన్, బటన్ కలిసి తోలారు. మూడేళ్ళ పాయింట్లు కూడితే బటన్‌కి 672, హామిల్టన్‌కి 657. గెలుపులు లెక్కపెడితే హామిల్టన్ 10, బటన్ 8. ఏడాది చివర ఎవరు పైన ఉన్నారని చూస్తే హామిల్టన్ రెండేళ్ళు, బటన్ ఒక్క ఏడాది. ఏ కూడికలోనూ తప్పు లేదు. ఇద్దరి అభిమానులూ నిజమే చెబుతున్నారు, అయినా గొడవ తేలదు. ఎందుకంటే ఒకరు అడిగిన ప్రశ్న ఇంకొకరు అడగలేదు.

3. ఒకే టీములోని జంటనే ఎంచుకోండి

రెండు పళ్ళ గిత్తల్ని ఆరు పళ్ళ గిత్తల పక్కన కట్టి ఎవరూ కొలవరు. కార్లకీ అదే నియమం. 2016లో షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 1950 నుంచి 2014 దాకా ఫలితాలన్నీ తీసుకుని గణిత పద్ధతిలో డ్రైవర్నీ టీమునీ విడదీసి చూస్తే, ఫలితం మీద డ్రైవరు ప్రభావం కన్నా టీము ప్రభావం చాలా ఎక్కువని తేలింది. కాబట్టి వేర్వేరు కార్లలో ఉన్న ఇద్దర్ని పోల్చే పట్టిక చాలావరకు కార్లనే పోలుస్తుంది.

హెచ్చరిక: ఒకే టీము అంటే ఒకే కారు అనుకోకండి. 2010లో బ్రిటిష్ గ్రాండ్ ప్రికి రెడ్ బుల్ దగ్గర కొత్త రకం ముందు రెక్క ఒక్కటే మిగిలితే, వెబర్ కారు నుంచి తీసి వెట్టెల్‌కి బిగించారు. (ఆ రేసు గెలిచింది వెబర్.) కొత్త భాగాలు ముందు ఎవరికి వచ్చాయో ఆ వారం వార్తల్లో చదివి, ఆ రేసు పక్కన చిన్న చుక్క పెట్టండి.

ఇంకో హెచ్చరిక, రూల్స్ మారిన ఏడాదిని ముందు ఏడాదితో కలిపి కూడొద్దు. 2014లో మారాయి, 2022లో మారాయి, 2026లో ఇంజనూ బాడీ రెండూ మారాయి. కారు తీరు మారితే నిన్నటిదాకా కలిసొచ్చిన తోలే పద్ధతి ఇవాళ అడ్డం తిరగవచ్చు.

4. క్వాలిఫయింగ్ పట్టిక వేయండి

నా మటుకు అన్నిటికన్నా నమ్మదగ్గ అంకె ఇదే. తక్కువ పెట్రోలు, కొత్త టైర్లు, ఎదురుగా ఖాళీ ట్రాకు. పాడుచేసే విషయాలు తక్కువ. ఐదు గళ్ళు గీయండి: రేసు, సెషన్, మొదటివాడి టైము, రెండోవాడి టైము, తేడా శాతం.

క్వాలిఫయింగ్‌లో క్యూ1, క్యూ2, క్యూ3 అని మూడు సెషన్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో వెనకబడ్డవాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఎప్పుడూ ఇద్దరూ కలిసి తోలిన చివరి సెషన్ టైములే తీసుకోండి. ఒకడు క్యూ3కి వెళ్ళి, ఇంకొకడు క్యూ2లో ఆగిపోతే ఇద్దరి క్యూ2 టైములే రాయాలి. సెషన్ ముందుకు పోయేకొద్దీ ట్రాక్ మీద రబ్బరు పడి పట్టు పెరుగుతుంది. క్యూ3 టైముని క్యూ2 టైముతో పోల్చడం అంటే తారు రోడ్డు మీద పోయినవాణ్ణి కంకర రోడ్డు మీద పోయినవాడితో పోల్చడమే. నాకు వచ్చే పట్టికల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

తేడాని సెకన్లలో వదిలేయకుండా శాతంలోకి మార్చండి. తేడాని వేగంగా తోలినవాడి టైముతో భాగించి వందతో గుణిస్తే చాలు. 90 సెకన్ల ల్యాపులో 0.180 తేడా అంటే 0.2 శాతం. స్పా ట్రాక్ పొడవు, మొనాకో పొట్టి. సెకన్లలో పెడితే స్పా ఒక్కటే మొత్తం పట్టికని తనవైపు లాగేస్తుంది.

వర్షం పడిన సెషన్లు, కారు ఆగిపోయినవి, చివరి ల్యాపులో ఎర్ర జెండా పడి (సెషన్ ఆపేసి) ఒకడు టైము వేయలేకపోయినవి పెన్సిలుతో కొట్టేయండి. చెరపకండి. ఎన్ని కొట్టేశారో చివర్లో రాయాలి.

తర్వాత సగటు కాకుండా మధ్య అంకె తీయండి. తేడాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాసి నడిమి దాన్ని పట్టుకోవడమే. ఎందుకో ఐదు ఉత్తుత్తి అంకెలతో చూపిస్తాను: 0.12, 0.08, మైనస్ 0.05, 0.15, 1.90. మైనస్ అంటే ఆ రోజు రెండోవాడు ముందున్నాడని. సగటు 0.44. మధ్య అంకె 0.12. ఆ 1.90 వచ్చిన రోజు రెండోవాడు మంచి ల్యాపులో జారి ఉంటాడు. ఆ ఒక్క రోజు మిగతా నాలుగు రోజుల్ని మింగేసింది. మధ్య అంకె దాన్ని మింగనివ్వదు.

పాత సీజన్లు చూసేవాళ్ళకి: 2003 నుంచి 2009 దాకా రేసులో నింపుకోబోయే పెట్రోలుతోనే పోల్ కోసం తోలేవారు. ఎవరి ట్యాంకులో ఎంత ఉందో దాన్ని బట్టి టైము మారిపోయేది. 2006 నుంచి 2009 మధ్య సీజన్లయితే క్యూ3 వదిలేసి క్యూ2 టైములు వాడండి, అక్కడ పెట్రోలు తక్కువతోనే తోలారు. 2003, 2004, 2005 సీజన్లకి ఈ మెట్టు పనికిరాదు.

5. రేసు ల్యాపులు, ఓపిక ఉన్నవాళ్ళకే

చీమకుర్తిలో గ్రానైటు దిమ్మె ఎక్కించుకుని వెళ్ళే లారీ వేగాన్నీ, అది దించేసి ఖాళీగా తిరిగొచ్చే లారీ వేగాన్నీ చూసి డ్రైవర్లకి మార్కులు వేయం కదా. రేసు కారూ మొదట్లో బరువుగా ఉండి చివరికి తేలికవుతుంది. 110 కిలోల పెట్రోలుతో బయల్దేరి 60 ల్యాపులు తోలాడనుకోండి. ల్యాపుకి 1.8 కిలోలు కరుగుతుంది. పది కిలోల బరువు ల్యాపుకి దాదాపు 0.3 సెకను తింటుంది, ట్రాకుని బట్టి కాస్త అటూ ఇటూ. అంటే ఏ ప్రయత్నమూ లేకుండానే కారు ల్యాపు ల్యాపుకీ 0.05 సెకను పైగా వేగం పుంజుకుంటుంది. 10వ ల్యాపుకీ 50వ ల్యాపుకీ మధ్య రెండు సెకన్లకు పైనే. "ఫాస్టెస్ట్ ల్యాపు మావాడిదే" అన్న వాదన ఇక్కడే కూలిపోతుంది. చివర్లో ఖాళీ దొరికి కొత్త టైర్లు వేసుకున్నవాడికి అది వస్తుంది.

చేయాల్సింది ఇది. పిట్‌లోకి వెళ్ళిన ల్యాపు, బయటికొచ్చిన ల్యాపు, సేఫ్టీ కార్ (ప్రమాదమో వానో వచ్చినప్పుడు అందర్నీ తన వెనక నెమ్మదిగా నడిపించే కారు) ల్యాపులు తీసేయండి. ముందు కారుకి రెండు సెకన్లలోపు దూరంలో ఉన్నవి కూడా తీసేయండి, ఆ గాలి సుడిలో కారు పట్టు కోల్పోతుంది, డ్రైవరు తప్పేం లేదు. మిగిలిన వాటిలో ఒకే రకం టైరు, ఇంచుమించు అంతే వయసు, రేసులో అంతే దూరం వచ్చినవి మాత్రం జతచేయండి. ఒక్కో రేసులో పది జతలు కూడా మిగలకపోవచ్చు. మిగలకపోతే ఆ రేసు గడిలో "సరిపోలేదు" అని రాయండి, ఎక్కణ్ణుంచో అంకె తెచ్చి నింపొద్దు. టైరు కాపాడుకోమని టీము చెబితే నెమ్మదిగా తోలాడా, చేతకాక నెమ్మదించాడా అనేది ఇన్ని వడపోతల తర్వాత కూడా ల్యాపు టైములో కనపడదు. అందుకే ఈ మెట్టుకి నేను క్వాలిఫయింగ్ కన్నా తక్కువ విలువ ఇస్తాను.

6. పూర్తిచేయని రేసుల్ని నాలుగు గళ్ళలో వేయండి

కారు తప్పు, ఎదుటివాడి తప్పు, సొంత తప్పు, తెలియదు. నాలుగో గడి తప్పకుండా ఉండాలి. అది లేకపోతే మనకి నచ్చినవాడి ప్రమాదాలన్నీ ఎదుటివాడి గడిలోకి వెళ్ళిపోతాయి. 2016లో మలేషియాలో ముందంజలో ఉండగా హామిల్టన్ ఇంజను పేలిపోయింది. ఆ ఏడాది రోస్‌బర్గ్‌కి 385, హామిల్టన్‌కి 380, అయిదు పాయింట్ల తేడాతో టైటిల్ హామిల్టన్ చేజారింది. ఆ రేసు మొదటి గడిలోకి పోతుంది, సందేహం లేదు. మొదటి మలుపులో ముగ్గురు తగులుకున్న చోట మాత్రం రీప్లే మూడుసార్లు చూసినా తేలకపోతే నాలుగో గడే.

7. రూపాయి బిళ్ళ పరీక్ష

24 రేసుల సీజన్లో క్వాలిఫయింగ్‌లో మీవాడు 15-9తో ముందున్నాడు. బాగా గెలిచినట్టే ఉంది కదా? బిళ్ళని 24 సార్లు ఎగరేసి బొమ్మలు, బొరుసులు రాయండి. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి పదిసార్లు ఇలా చేయించండి. బిళ్ళకి ఏ నైపుణ్యమూ లేదు, అయినా 15-9 లేదా అంతకన్నా పెద్ద తేడా వందకి 30 సార్లు వస్తుంది. అంటే సరిసమానమైన ఇద్దరు తోలినా మూడేళ్ళకోసారి ఇలాంటి స్కోరు ఊరికే రావచ్చు. అదే 18-6 లేదా అంతకు మించి అయితే వందకి రెండుసార్లే. నేను పెట్టుకున్న గీత అది: 24లో 18 దాకా రాకపోతే "ముందున్నాడు" అని రాయను, "తేలలేదు" అని రాస్తాను. సీజన్లో కొట్టేసినవి పోగా 16 సెషన్లే మిగిలితే బిళ్ళ కూడా 16 సార్లే ఎగరేయాలి, గీత కూడా మారుతుంది.

స్కోరు దగ్గరగా ఉన్నా 4వ మెట్టులో వచ్చిన మధ్య అంకె పెద్దగా ఉంటే, లేదా స్కోరు పెద్దగా ఉండి మధ్య అంకె వెంట్రుకవాసి ఉంటే, రెండూ పక్కపక్కనే రాయండి. ఒకదాన్ని దాచొద్దు.

8. అంకెలు అందని విషయాలకి ఒక పేజీ వదలండి

ఇక్కడికొచ్చాక చాలామంది నోటుబుక్కు మూసేస్తారు. అసలు సంగతి ఇక్కడే ఉంది. 1వ మెట్టులో రాసుకున్న ప్రశ్న దగ్గరికే వెళ్దాం, నా నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

2019, విలియమ్స్. క్వాలిఫయింగ్ స్కోరు: రస్సెల్ 21, కుబిత్సా 0. బిళ్ళ పరీక్ష అక్కర్లేదు. పాయింట్లు: రస్సెల్ 0, కుబిత్సా 1. ఆ ఒక్క పాయింటు వర్షంలో తడిసిన జర్మనీ రేసులో వచ్చింది. ముందున్న ఆల్ఫా రోమియో కార్లు రెండింటికీ పెనాల్టీ పడి, పన్నెండులో ఉన్న కుబిత్సా పదికి వచ్చాడు. రస్సెల్ పదకొండు. పాయింట్ల పట్టిక ఒక్కటే చూసినవాడు కుబిత్సా మేలంటాడు. 21-0 చూసినవాడు రస్సెల్ సాటిలేనివాడంటాడు.

రెండో మాట కూడా అంత తేలిక కాదు. కుబిత్సా 2011లో ర్యాలీలో ఘోర ప్రమాదానికి గురై కుడి చెయ్యి బాగా దెబ్బతిని, ఎనిమిదేళ్ళ తర్వాత తిరిగి వచ్చిన మనిషి. కొలిచే బద్దే ఎంత పొడవుందో తెలియనప్పుడు 21-0 అనే కొలత ఎంతని చదవాలి? రస్సెల్ అతనికన్నా వేగమని తెలిసింది. ఎంత వేగమైనవాడో తెలియలేదు.

2020 డిసెంబరులో సఖీర్ రేసుకి హామిల్టన్‌కి కరోనా వచ్చింది. మెర్సిడెస్ రస్సెల్‌ని పిలిచింది. అతను పొడుగు, కాక్‌పిట్‌లో కాళ్ళు ఇమడక ఒక సైజు చిన్న బూట్లు వేసుకుని కూర్చున్నాడు. ఆ కారు తోలడం అదే మొదటి వారం. క్వాలిఫయింగ్‌లో బొటాస్‌కి 53.377, రస్సెల్‌కి 53.403. తేడా 0.026 సెకను, 0.05 శాతం. రేసు నడిపించాడు కూడా. టీము పిట్‌లో టైర్లు తారుమారు చేయడం, తర్వాత పంక్చరు, చివరికి తొమ్మిదో స్థానం. అంతకుముందు 36 రేసుల్లో సున్నా పాయింట్లు ఉన్న మనిషే. వారంలో మనిషి మారలేదు, కారు మారింది.

ఇక 2021 బెల్జియం. రస్సెల్‌కి మొదటి పోడియం (మొదటి ముగ్గురిలో నిలవడం), రెండో స్థానం. ఆ రోజు వర్షానికి సేఫ్టీ కార్ వెనక కొన్ని ల్యాపులు తిరిగి ఆపేశారు, సగం పాయింట్లు ఇచ్చారు. నిజమైన రేసు ఒక్క ల్యాపు కూడా జరగలేదు. రేసు రికార్డులో పోడియం వచ్చింది, కానీ అతని ప్రతిభ కనపడింది ముందురోజు వానలో విలియమ్స్ కారుని రెండో స్థానంలో నిలబెట్టిన ల్యాపులో. ఫలితాల పట్టిక ఆదివారాన్ని చూపిస్తుంది, మీరు శనివారం కారు మీది కెమెరా తీసిన ఆన్‌బోర్డ్ వీడియో చూడాలి.

ఈ పేజీలో ఏం రాయాలంటే: టీము ఆదేశాలు (2002 ఆస్ట్రియాలో గీత దాటబోతూ బారికెల్లో నెమ్మదించి షూమాకర్‌కి దారిచ్చాడు, పట్టికలో అది షూమాకర్ గెలుపు), ఎవరి మీద ముందు వ్యూహం ప్రయోగించారు, వర్షంలో చేతులెలా కదిలాయి, కారు బాగుచేయడంలో ఎవరి మాట పనికొచ్చిందని ఇంజనీర్లు చెప్పారు, గాయం, కొత్తదనం. వీటికి మార్కులు వేయకండి. పదికి ఏడు అని వేస్తే అది కూడా అంకెలా కనిపించి మోసం చేస్తుంది. మాటల్లోనే రాయండి.

9. జవాబు రాయండి

ఒకే వాక్యం, అందులో హద్దులు ఉండాలి. నాది ఇలా ఉంది: "2019 విలియమ్స్‌లో ఒక్క ల్యాపు వేగంలో రస్సెల్ నిస్సందేహంగా ముందు, గాయం నుంచి తిరిగొచ్చిన టీమ్‌మేట్ కాబట్టి ఆ ముందంజ సైజు చెప్పలేం, పాయింట్లు ఏమీ చెప్పవు." వాక్యంలో "ఎప్పటికీ", "అందరికన్నా" వస్తే కొట్టేసి మళ్ళీ రాయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

*గొలుసు కట్టడం.* ఇది అన్నిటికన్నా మోసం చేసేది, చూడ్డానికి తెలివిగా ఉంటుంది కాబట్టి. 2014లో రెడ్ బుల్‌లో రికియార్డో 238 పాయింట్లు, వెట్టెల్ 167. 2022లో మెక్‌లారెన్‌లో నోరిస్ 122, రికియార్డో 37. కాబట్టి నాలుగు టైటిల్స్ గెలిచిన వెట్టెల్ కన్నా నోరిస్ ఎంతో మేలు అని ఒకరు రాసి పంపారు. 2014 రికియార్డో, 2022 రికియార్డో పేరుకే ఒకరు. కారు తీరు వేరు, వయసు వేరు, నమ్మకం వేరు. గొలుసులో ఒక్కో కొక్కెం దగ్గర తప్పు చేరుతూ పోతుంది, మూడో కొక్కెం దాటాక చేతికి తప్పే మిగులుతుంది.

*"ఎన్ని స్థానాలు ఎగబాకాడు" అని లెక్కపెట్టడం.* పోల్ నుంచి బయల్దేరి గెలిచినవాడు ఎగబాకింది సున్నా. శనివారం చెడగొట్టుకుని పద్దెనిమిదిలో నిలబడ్డవాడు కారు బాగుంటే పది స్థానాలు వస్తాడు. మొనాకోలో 2024లో మొదటి పదిమందీ బయల్దేరిన వరసలోనే ముగించారు, అందరికీ సున్నా. ఆ పదిమందీ ఏం తోలలేదనా?

*పోడియంలు లేవు కాబట్టి పనికిరాడనడం.* హుల్కెన్‌బర్గ్ మొదటి పోడియం 2025 సిల్వర్‌స్టోన్‌లో, 19వ స్థానం నుంచి బయల్దేరి మూడో స్థానానికి. అంతకుముందే 2015లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ ఖాళీ గడి చాలావరకు అతనికి దొరికిన కార్ల కథ.

*గెలుపు శాతాలతో కాలాలు దాటడం.* ఫాంజియో 51 రేసుల్లో 24 గెలిచాడు. 2023లో వెర్‌స్టాపెన్ 22లో 19 గెలిచాడు. ఈ రెండు శాతాల మధ్య గీత గీయడానికి ఒకే కారు లేదు, ఒకే టీమ్‌మేట్ లేడు, ఒకే రకం ప్రమాదం కూడా లేదు.

ఫలితం సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

పేర్లు కప్పేసి "ఎ", "బి" అని రాసి, ఇంట్లో రేసులు చూడనివాళ్ళకి పట్టిక ఇవ్వండి. నా పట్టికలు మా తమ్ముడు చూస్తాడు, వాడికి క్రికెట్ తప్ప పట్టదు. వాడు "తేలట్లేదు" అన్నచోట నేను "తేలింది" అని రాసి ఉంటే, నాకు పేరు చూసి తేలిందన్నమాట. అప్పుడు వాక్యం మారుస్తాను.

తర్వాత సరి సంఖ్య రేసులు ఒక పక్క, బేసి సంఖ్య రేసులు ఒక పక్క వేసి మధ్య అంకె విడివిడిగా తీయండి. రెండూ ఒకే వైపు చూపిస్తే మంచిది. ఒకటి అటు, ఒకటి ఇటు చూపిస్తే జవాబు "తేలలేదు".

మూడోది, మీకు నచ్చిన డ్రైవరుకి బాగా కలిసొచ్చిన ఒక్క రేసు తీసేసి మళ్ళీ లెక్కేయండి. ఒక్క రేసుతో నిలబడ్డ తీర్పు ఒక్క రేసుతో పడిపోతుంది. చివరగా, కొట్టేసిన సెషన్లు ఎవరివైపు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మీరు కొట్టేసిన ఆరింటిలో ఆరూ ఎదుటివాడు ముందున్నవే అయితే పెన్సిలు పక్షపాతంగా కదిలింది. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి ఫలితం గడి కాగితంతో మూసి, కారణం మాత్రం చూసి కొట్టేయండి.

మొదటిసారి చేసేవాళ్ళు 2010-2012 మెక్‌లారెన్ జంటతో మొదలుపెట్టండి. మూడు సీజన్ల అంకెలు ఉన్నాయి, ఇద్దరూ చాంపియన్లు, వాదన రెండువైపులా బలంగా ఉంటుంది. వెర్‌స్టాపెన్, హామిల్టన్ ఒకే టీములో ఒక్క సీజన్ కూడా తోలలేదు కాబట్టి ఆ జంటకి 4వ మెట్టు పట్టిక ఖాళీగానే ఉంటుంది. ఈసారి నన్ను అడిగేటప్పుడు ఏ జంట, ఏ సీజన్, ఎన్ని సెషన్లు కొట్టేశారు, 8వ మెట్టు పేజీలో ఏం రాశారు, ఈ నాలుగూ ఫొటో తీసి పంపండి. ఎక్కడ తేడా వచ్చిందో వరుస వరుసా కలిసి చూద్దాం.